కాటా రొట్టె

మా తమ్ముని మనమడు మహేశుకు ఆదోనిలో ఉద్యోగం వచ్చింది. ఆదోనిలో అంటే ఊళ్ళో కాదు, ఊరికి బయట, బైపాసు పక్కన కొత్తగా లేచిన పత్తి మిల్లులో. వచ్చిన పత్తిలో తేమ ఎంత ఉందో చూసి చీటీ రాయడం వాని పని. చేరిన వారానికే ఫోను చేసి, "తాతా, ఈడ తిండికి సచ్చిపోతాండా" అన్నాడు. డాబాల్లో నూనె, హోటళ్ళలో రేట్లు, మిల్లు క్యాంటీనులో ఈగలు, అన్నీ వరసగా చెప్పినాడు. ఇప్పటి పిల్లలు ఫోనులో నక్షత్రాలు చూసి హోటలు ఎంచుకుంటారంట. నాలుగు నక్షత్రాలున్న చోట సాంబారు కూడా నాలుగు దినాలదే అన్నాడు. నేను అంతా విని, "మా కాలంలో" అని మొదలుపెట్టినాను. "సిగ్నలు లేదు తాతా" అని వాడు పెట్టేసినాడు. నా వయసు వాళ్ళు ఆ రెండు మాటలు అనగానే అందరి ఫోన్లకూ సిగ్నలు పోతుంది. కాగితానికి ఆ జబ్బు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

వాడు చెప్పిన కష్టం నేనూ పడినాను. అదే ఊరు, అదే ఊరి బయట, అదే పత్తి. ఆదోని బళ్ళారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాకు మారిన కొత్తలో, నేను ఎస్సెల్సీ పాసై ఒక పత్తి ప్రెస్సులో చిన్న గుమాస్తాగా చేరినాను. మాది ఎమ్మిగనూరు. నేసేవాళ్ళ ఇల్లు. మా నాయన తెల్లవారకముందే మగ్గం గుంతలో దిగితే మధ్యాహ్నం రొట్టెకే పైకి వచ్చేది. ఇంట్లో ఎప్పుడూ గంజి వాసన, తడి నూలు వాసన. ఇంట్లో గడియారం లేదు, అవ్వ రొట్టె తట్టే చప్పుడే మాకు గడియారం. ఆ చప్పుడు మొదలైతే పడుకున్న పిల్లలు లేస్తారు, వీధిలో ఉన్నవాళ్ళు లోపలికి వస్తారు, మగ్గం మీది చేయి కొంచెం బిరబిరా ఆడుతుంది.

అవ్వకు ఒక అలవాటు ఉండేది. కాలిన మొదటి రొట్టె ఎవరికీ పెట్టదు. పొయ్యి గట్టు మీద ఒక మూల పెట్టి, మీద గుడ్డ కప్పుతుంది. అది వచ్చేవాళ్ళది. వచ్చేది ఎవరు అంటే ఆమెకూ తెలీదు. ఒక దినం నూలు మోసుకొచ్చే మనిషి తింటాడు, ఒక దినం బైరాగి తింటాడు, ఒక దినం ఎవరూ రాకపోతే మాపటికి కుక్క తింటుంది. మా నాయన మీద పంచాయతీ పెట్టిన మనిషి ఒకాయన ఒక దినం తిట్టడానికి ఇంటి ముందరికి వచ్చినాడు. అవ్వ ఆయన్ని కూర్చోబెట్టి ఆ రొట్టె పెట్టింది. నాయన గుంతలో నుంచి పళ్ళు కొరుకుతుంటే, "తినేదాకా ఊరికే ఉండప్పా, తిన్నాక ఇద్దరూ మల్లా కొట్లాడుకోండి" అన్నది. తిన్నాక వాళ్ళు నిజంగానే కొట్లాడుకున్నారు. నాకు ఆ వయసులో అర్థమైనదల్లా, ఎవరన్నా రొట్టె పెడితే తినాలి, ఎందుకు పెట్టినావని అడగకూడదు అని. ఈ ఒక్క చదువే ఆదోనిలో నా కొంప ముంచింది.

ప్రెస్సు రైలు గేటుకు అవతల, ఊరికి రెండు మైళ్ళ దూరంలో ఉండేది. అక్కడ పుష్కలంగా దొరికేవి దూది, దుమ్ము, ఎండ. గోదాము వెనక ఒక రేకుల గది నాకు ఇచ్చినారు. పడుకోవడానికి చోటు దొరికింది గానీ తినడానికి చోటు వెతుక్కోవాలి. మొదటి దినం ఊళ్ళో భోజన హోటలుకు నడిచిపోయినాను. కావలసినంత అన్నం అని బయట బోర్డు. ఆ బోర్డు రాయించిన యజమానే గల్లా దగ్గర కూర్చోని, రెండోసారి అన్నం అడిగినవాణ్ణి వాని తల్లిదండ్రుల పెంపకం గురించి ఆలోచిస్తున్నట్టు చూసేవాడు. వడ్డించే మనిషి ముందు చారు పారబోసి, దాని వెంటనే మజ్జిగ పారబోసి, కడుపు నీళ్ళతో నిండినాక "ఇంగొంచెం అన్నం?" అని ఎంతో ప్రేమగా అడిగేవాడు. ఆ భోజనం తిని రెండు మైళ్ళు ఎండలో వెనక్కి నడిచేసరికి మళ్ళీ ఆకలి.

నూనె మిల్లుల సందులో ఒక ఖానావళి ఉండేది. బళ్ళారి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె తన ఇంటి వసారాలోనే పీటలు వేసి భోజనం పెట్టేది. జొన్న రొట్టె, పుండికూర, నల్లటి గురెళ్ళ పొడి, పచ్చి ఉల్లిగడ్డ. రొట్టె మా అవ్వ రొట్టెకు ఒక మెట్టు కింద, మిగతావన్నీ ఒక మెట్టు పైన. కష్టమేమంటే, ఆమె ఎవరికి పడితే వాళ్ళకు పెట్టదు. కొత్త మనిషి వస్తే వాళ్ళ నాయన ఎవరు, తాత ఎవరు, ఆడపిల్లలను ఏ ఊరికి ఇచ్చినారు, అంతా కనుక్కున్నాక గానీ తినే తట్ట ముందర పెట్టదు. నాది ఇంకా మేనత్తల దాకా వచ్చి ఉండగానే పనికి తిరిగి పోవలసిన వేళ అయింది. తినకుండానే లేచి వచ్చినాను. మా వంశవృక్షం మాత్రం ఆమెకు ఆ పొద్దే కంఠతా వచ్చింది.

ఇంక రైలు గేటు దగ్గర ఉగ్గాని బండి. నానిన బొరుగులకు ఉల్లిగడ్డ తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తే, దాన్ని కాదనేవాడు మా సీమలో పుట్టలేదు. అయితే పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం ఉగ్గాని, మాపటికి ఉగ్గాని అంటే కడుపు కూడా మనిషిదే కదా. ఐదో దినం నేను గోదాములో కంటే చెంబు పట్టుకోని తుమ్మచెట్ల వెనక ఎక్కువసేపు ఉన్నాను. ప్రెస్సు గేటు పక్కనే ఒక సాయెబుగారి టీ అంగడి ఉండేది. ఆయన పరోటాల వాసన గోదాము లోపలి దాకా వచ్చేది. నేను ఇల్లు వదిలేటప్పుడు మా నాయన, పరాయి వాళ్ళ పొయ్యి మీదిది తిననని నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. హోటలూ, ఉగ్గాని బండీ ఆయన లెక్కలో పరాయివి కావు, వేరే మతం వాళ్ళదీ వేరే కులం వాళ్ళదీ పరాయిది. అందుకని టీ తాగి బన్ను తినేవాణ్ణి. "టీ కూడా పొయ్యి మీదిదే గదా బాబూ" అని ఆయనే ఒక దినం అడిగినాడు. మా నాయన టీ గురించి ఏమీ చెప్పలేదన్నాను. ఆయన నవ్వి ఇంకో బన్ను ఇచ్చినాడు. ఇవన్నీ కావని సొంతంగా సంగటి చేసుకుందామని కూడా చూసినాను. ఆ కుండను తోమలేక చివరికి పాతిపెట్టినాను.

అట్లా పదిహేను దినాలకే చొక్కా వదులైపోయింది. అప్పుడు పత్తి బండ్లు రావడం మొదలైంది. పెద్దకడుబూరు వైపు నుంచి, నందవరం వైపు నుంచి, మద్దికెర నుంచి కూడా ఎద్దుల బండ్లు పత్తి కుక్కిన పెద్ద గోనె బోరాలతో వచ్చి గేటు ముందర వరసగా నిలబడేవి. ఒక్కోసారి వంతు రావడానికి రెండు మూడు దినాలు పట్టేది. రైతులు అక్కడే బండి కింద పడుకునేది, అక్కడే ఎద్దులకు మేత వేసేది, ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టె మూటలు విప్పుకోని అక్కడే తినేది. ఒక మధ్యాహ్నం నేను చీటీల కట్ట పట్టుకోని ఆ వరస వెంట పోతుంటే ఒక ముసలాయన పిలిచినాడు.

"గుమాస్తాప్పా, పొద్దన్నుంచి నిలబడే ఉండావు. రా, ఒగ రొట్టె తినిపో."

నేను ఎందుకని అడగలేదు. మా అవ్వ నేర్పిన చదువు అది. బండి నీడలో కూర్చోని తిన్నాను. రెండు దినాల కిందట కాల్చిన రొట్టె, వేరుశెనగ బుడ్డల పొడి, నంజుకోవడానికి ఉల్లిగడ్డ. నా కళ్ళల్లో నీళ్ళు వచ్చినాయి. ఉల్లిగడ్డ వల్ల కాదు. మరుసటి దినం ఇంకో బండి, ఆ మరుసటి దినం ఇంకోటి. నేను వరసలోకి అడుగు పెడితే చాలు, "ఈ పొద్దు నా వంతు" అని ఒకాయన, "కాదు, నాది" అని ఒకాయన పోట్లాడుకునేవాళ్ళు. నా మీద ఇంత ప్రేమ ఏమిటా అని నాకు గుండె నిండిపోయేది. మా నాయనకు కార్డు రాసినాను. భోజనానికి ఏమీ ఇబ్బంది లేదు, ఇక్కడి రైతులు చాలా మంచివాళ్ళు, దినానికొకరు పెడతారు, వద్దన్నా వినరు అని. పరాయి పొయ్యి సంగతి మాత్రం రాయలేదు. రొట్టె కాలేది ఎక్కడో ఊళ్ళో, నేను తినేది ఇక్కడ, మధ్యలో పొయ్యి కనబడదు కదా అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. తడిసిన పత్తి ఎక్కువ తూగుతుంది కాబట్టి, అది కాటా మీదికి రాకముందు, అందులో తడి ఎంత, చెత్త ఎంత అని చూసి, ఇంత తూకం తీసేయమని చీటీ రాయాలి. దాన్నే తరుగు అంటారు. చూసేది మిషను కాదు, గుమాస్తా చేయి. బోరెంలోకి మోచేతి దాకా చేయి దూర్చి, తీసి, చెప్పాలి. మా పెద్ద గుమాస్తా నశ్యం పీల్చే మనిషి. ఆయన చేయి ఒకటి బోరెంలో ఉంటే ఇంకొకటి రైతు వైపు చాచి ఉండేది. చేతిలో ఏమన్నా పడితే పత్తి ఎండుది, పడకపోతే తడిది. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయేది. నేను నిప్పులాంటి మనిషిని, ఒక్క కాసు ముట్టలేదు, ఎవరన్నా చేతిలో పెట్టబోతే కసిరి కొట్టేవాణ్ణి. కసిరి కొట్టి, పోయి, వాళ్ళ రొట్టె తినేవాణ్ణి.

ఆ సీజను మధ్యలో ఈరన్న వచ్చినాడు. పెద్దకడుబూరు దగ్గరి పల్లె. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. ఆయన బండికి కట్టిన ఎద్దులు చూసి వరసలో అందరూ నవ్వినారు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. బండి ఒక పక్కకు వాలి నడిచేది. పొడుగుది ఆయనది, పొట్టిది బామ్మర్ది దగ్గర అడుక్కోని తెచ్చినది. ఈ పత్తి తూగితే సంతలో ఇంకో ఎద్దును తీసుకొని జత చేసుకుంటానని, జతంటూ ఉంటే వచ్చే ఏడు కౌలుకు ఇంకో చేను పట్టొచ్చని, ఆ మనిషి రొట్టె పెడుతూ నాకు చెప్పినాడు. ఆయన మాట్లాడింది అంతే, మిగతాదంతా నేనే మాట్లాడినాను. మొదటి దినం ఆయన దగ్గర తిన్నాను. రెండో దినం వేరేవాళ్ళ వంతైతే వాళ్ళను బతిమాలి ఆయనే పెట్టినాడు. మూడో దినం కూడా. ఆయన పెళ్ళాం లింగమ్మ చేసిన రొట్టెలంట. పలచగా, మడిస్తే విరగకుండా, అంత మంచి రొట్టె నేను మా ఇంటి బయట తినలేదు. మూడో దినం చూస్తే మూట చిన్నదైపోయింది. "నువ్వు తినవా ఈరన్నా?" అంటే "నాది అయిపోయిందప్పా" అన్నాడు. ఉగ్గాని బండి దగ్గర ఒట్టి బొరుగులు కొనుక్కోని తిన్నాడని తర్వాత తెలిసింది.

ఆ మూడో దినమే కాటాకు ఆయన వంతు. పొద్దున నేను గేటు తెరిచేటప్పుడు ఈరన్న తొట్టి నుంచి బిందెతో నీళ్ళు మోసుకుపోతున్నాడు. ఎద్దులకేమో అనుకున్నాను. ఎద్దులు తొట్టి దగ్గరే కట్టేసి ఉన్నాయి గదా అని కూడా నాకు తోచలేదు. ఆయన రొట్టె అరగకముందే ఆయన బోరెంలో చేయి పెట్టినాను. మోచేతి దాకా తడి. రెండో బోరెం తడి. మూడోది పిండితే నీళ్ళు కారేట్టు ఉంది. ఈరన్న నా మొకం వైపు నెమ్మదిగా, నమ్మకంగా చూస్తున్నాడు. నేను చీటీ మీద మామూలు తరుగుకు మూడింతలు రాసి, అందరికీ వినబడేట్టు చదివినాను. ఇంత న్యాయంగా ఉన్నందుకు నా మీద నాకే గౌరవం కలిగింది.

ఈరన్నకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. ఆయనకు అర్థం కాలేదు.

"మూడు దినాలు తింటివి గదప్పా" అన్నాడు.

"తింటే ఏమి ఈరన్నా? తిండి వేరు, పని వేరు."

"వేరని ముందే సెప్పల్ల గదప్పా" అన్నాడు మెల్లగా. "సెప్పింటే ఎండుదే కాటా మీద పెట్టింటి. నా జలమలో ఎప్పుడూ నీళ్ళు సల్లలేదు. నువ్వు తింటివని సల్లితి."

నన్ను మొదట పిలిచిన ముసలాయన నా పక్కకు వచ్చి, చిన్నపిల్లవానికి చెప్పినట్టు చెప్పినాడు. పల్లెల్లో ఆడోళ్ళు పత్తి బండికి మూట కట్టేటప్పుడు మనిషికి ఇన్ని అని కాల్చి, పైన ఇంకో రెండు కాలుస్తారంట. వాటిని కాటా రొట్టె అంటారంట. కాటా దగ్గరి మనిషికి. పెద్ద గుమాస్తాకు కాసులు, చిన్న గుమాస్తాకు రొట్టె అని ఆ సీజను మొదట్లోనే అన్ని ఊర్లకూ తెలిసిపోయిందంట. వంతు నాదంటే నాదని వాళ్ళు పోట్లాడుకున్నది నా మీద ప్రేమతో కాదు, ఆ పొద్దు తూకం ఎవరిదో వాళ్ళు పెట్టుకోవాలని. ఇంత కాలమూ వాళ్ళ పత్తి ఎండుదే కాబట్టి నేను తక్కువ తరుగు రాసినాను. అది రొట్టె మహిమే అని వాళ్ళు అనుకున్నారు. వాళ్ళ మంచితనమని నేను అనుకున్నాను. ఒకరినొకరు చూసుకోని రెండు నెలలు సంతోషంగా ఉన్నాము.

నేను పెద్ద గుమాస్తా దగ్గరికి పోయి, ఈ చీటీ మార్చవచ్చా అని అడిగినాను. నా జీవితంలో ఒక అన్యాయం చేయడానికి మొదటిసారి పోయి అడిగింది అదే, అది కూడా చేతకాలేదు. మేనేజరు సంతకం అయిపోయింది. ఆయన నశ్యం పట్టు ముక్కులో వేసుకోని, తీరిగ్గా తుమ్మి, నాకు నీతి చెప్పినాడు. "చూడబ్బీ, తినేవాడు పని చేయల్ల. పని చేయనోడు తినగూడదు. నేను తింటాను, చేస్తాను. నన్ను ఇంతవరకూ ఒక్క రైతు తప్పు పట్టలేదు. నువ్వు తిని, చేయకుండా పోతివి. ఇట్లాంటి మోసం నా సర్వీసులో చూడలేదు." ఆయన ఎగతాళి చేయలేదు. నిజంగానే బాధపడినాడు.

ఆ ఆదివారం ఎమ్మిగనూరు పోయి అవ్వకు జరిగినదంతా చెప్పినాను. దినానికి మూడు లెక్కన ఈరన్నవి తొమ్మిది రొట్టెలు తిన్నాను, తొమ్మిది కాల్చియ్యి, తిరిగి ఇచ్చేసి వస్తానన్నాను. తిన్న రొట్టెను తిరిగి ఇవ్వడం కుదురుతుందని ఇరవై ఏళ్ళ మనిషి నమ్మవచ్చు. అవ్వ అంతా విని ఏమన్నా అంటుందేమో అని చూస్తే, "ఆ యమ్మ రొట్టె అంత పలచగ చేస్తాదా? నీళ్ళు కాంచి పోస్తాదా, సల్లనీళ్ళేనా?" అని అడిగింది. పొద్దున లేచి తొమ్మిది కాల్చింది. ఎప్పుడూ లేనంత పలచగా కాల్చింది. మొదటిది గట్టు మీద పెట్టబోయి, నా మూట వైపు చూసి, దాన్నీ అందులోనే వేసింది. మా ఇంట్లో గట్టు మీద రొట్టె లేని పొద్దు అదొక్కటే నాకు తెలుసు.

ఈరన్న పల్లెకు బస్సు దిగి నడుచుకుంటూ పోయినాను. ఈరన్న లేడు, కూలికి పోయినాడంట. లింగమ్మ ఒక్కతే ఉంది. ముంగిట్లో గాటిపాట దగ్గర పొడుగు ఎద్దు ఒకటే కట్టేసి ఉంది. పొట్టిదాన్ని బామ్మర్ది తీసుకుపోయినాడు. నేనెవరో చెప్పినాను. చెప్పకముందే ఆమెకు తెలుసనిపించింది. మూట ఇచ్చి, "మా అవ్వ చేసింది" అన్నాను. ఆమె విప్పి, ఒకటి తీసి, వేళ్ళతో విరిచి చూసింది.

"మంచిగ చేసింది మీ అవ్వ" అన్నది. అని, ఆ రొట్టెను తీసుకుపోయి ఎద్దు నోటికి పెట్టింది. ఒకటి అయినాక ఇంకొకటి. తొమ్మిదీ పెట్టింది. ఎద్దు మెడ నిమురుతూ, నా వైపు చూడకుండా, "ఇది తింటే పని చేస్తాదప్పా" అన్నది.

తిట్టిన గొంతు కాదు. ఉన్న మాట అన్న గొంతు. తర్వాత లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది, ఎండలో వచ్చినానని. నీళ్ళు తాగినాను. రొట్టె తినిపోమని ఆమె అనలేదు. మా వైపు పల్లెల్లో మధ్యాహ్నం పూట గడప దాకా వచ్చిన మనిషిని ఆ మాట అనకుండా పంపరు, ఇంక మళ్ళీ రావద్దని చెప్పడానికి తప్ప. రోడ్డు దాకా నడుస్తూ ఏడ్చినాను. ఇప్పటికి అరవై ఏళ్ళ పైమాట. చాలా మంది నన్ను చాలా మాటలు అన్నారు, ఒక్కటీ అంత లోపలికి పోలేదు.

మిగతా సీజనంతా నేను ఆ వరస వెంట పోతుంటే రైతులు మూటలు మూసుకునేవాళ్ళు. తిని కూడా తరుగు కోసేవాడు అని పేరు వచ్చింది. "దానికంటే ముసలి గుమాస్తా మేలప్పా, మాట మీద నిలబడే మనిషి" అని నా వెనక అనుకునేది నాకు వినబడేది. ఆయన రిటైరైనప్పుడు రైతులు దండ వేసినారు. నేను దినమూ రెండు మైళ్ళు నడిచి ఖానావళిలో తిన్నాను. ఆ పెద్దామె మా మేనత్తల దగ్గర ఆగిన చోటి నుంచి మొదలుపెట్టి అంతా కనుక్కోని, చివరికి తట్ట పెట్టింది. ఎవరని అడగకుండా పెట్టే రొట్టె కంటే, అన్నీ అడిగి పెట్టే రొట్టె నాకు అప్పుడు ఎంతో హాయిగా తోచింది. పై సీజనుకు ఆ ఉద్యోగం మానేసినాను. ఈరన్న మళ్ళీ ఆ ప్రెస్సుకు పత్తి తేలేదు. జత కట్టినాడో లేదో నాకు తెలియదు.

పోయిన నెల కంటి డాక్టరు కోసం ఆదోనికి పోయే పని పడింది. చూపించుకోని, ఆటోవాణ్ణి బైపాసు మీదుగా పొమ్మన్నాను. మేము దూది మింగిన చోట ఇప్పుడు వరసగా డాబాలు, రంగురంగుల బోర్డులు. ఒక్కో బోర్డు మీద ఇరవై రకాల బిర్యానీ పేర్లు. జొన్న రొట్టె కూడా ఉంది, ప్రత్యేకం అని రాసి, బిర్యానీ కంటే ఎక్కువ రేటు పెట్టినారు. మిల్లు గేటు ముందర ఎద్దుల బండ్లకు బదులు ట్రాక్టర్లు. మహేశు గాజు గదిలో, ఫ్యాను కింద కూర్చున్నాడు. పదిహేను దినాల్లోనే మొకం నిండి ఉంది. నన్ను చూసి సంతోషపడి, నాలుగు గిన్నెల స్టీలు క్యారియరు విప్పినాడు. నాటుకోడి పులుసు, పలచటి జొన్న రొట్టెలు.

"తిండి ఇబ్బంది తీరిపాయ తాతా. ఈడి రైతులు సానా మంచోళ్ళు. దినానికొకరు తెస్తారు, వద్దన్నా వినరు."

నేను కుర్చీ లాక్కోని కూర్చున్నాను. "తేమ చూసేది ఎవరురా?" అని అడిగినాను.

"మిషను తాతా. సూది గుచ్చితే నంబరు వస్తాది. నేను ఒక్క రూపాయి ముట్టను, కావాలంటే ఎవర్నైనా అడుగు. తిండి వేరు, డ్యూటీ వేరు."

ఈ కథంతా వానికి చెప్పాలనే పోయినాను. నోరు తెరిచి, "మా కాలంలో" అన్నాను. వాని చేయి అప్పటికే ఫోను మీదికి పోయింది. రొట్టె తిను తాతా అని నా ముందరికి తట్ట జరిపినాడు. పెట్టుడు పళ్ళతో నమలలేనని అబద్ధం చెప్పి లేచి బయటికి వచ్చినాను. వరసలో ముందున్న ట్రాక్టరు పక్కన నలభై ఏళ్ళ రైతు ఒకాయన నిలబడి గాజు గది వైపే చూస్తున్నాడు, క్యారియరు ఎంత ఖాళీ అయిందో అని. యా ఊరప్పా అంటే పెద్దకడుబూరు కాడ అన్నాడు. ఆయన కాళ్ళ దగ్గర ప్లాస్టిక్ బకెట్టు నిండా నీళ్ళున్నాయి, పైన మగ్గు తేలుతోంది. నేను దగ్గరికి పోయి, ఆయన భుజం మీద చేయి వేసి, అరవై ఏళ్ళ కిందట ఈరన్నకు చెప్పవలసిన మాట ఈయనకు చెప్పినాను.

"అప్పా, ఆ నీళ్ళు పారబోయి. మా పిల్లోడు తింటాడు, తిని తరుగు కోస్తాడు. మా వంశం అట్లాంటిది."